ఏడుతో మొదలైన లెక్క, ఇంకా తేలలేదు

ఈసారి ప్రధాన సంఖ్యల చరిత్ర రాస్తున్నాం. మేముండే హాస్టల్ కూచిపూడి వైపు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాం.

ఆదితాళం ఎనిమిది అక్షరాలు. దాని మీద ఆరేసి అక్షరాలు లెక్కపెట్టుకుంటూ పోతే 24 దగ్గరే రెండూ కలిసిపోతాయి. అదే ఏడేసి అయితే 56 దాకా కలవవు. ఏడు ప్రధాన సంఖ్య, ఎనిమిదితో దానికి పొత్తు లేదు.

ఇప్పుడు ఒకటిని ఏడుతో భాగించండి. క్యాలిక్యులేటర్ వద్దు, చేత్తో చేయండి. 0.142857 వచ్చి, మళ్లీ 142857 తిరుగుతుంది. ఎందుకంటే మిగిలే శేషాలు 1, 3, 2, 6, 4, 5. ఆరూ అయిపోయాక మళ్లీ 1 వస్తుంది, అంకెలూ మొదటికి వస్తాయి. ఆరుకు మించి తిరగడం కుదరదు. 17తో భాగిస్తే 16 అంకెల చుట్టు. కానీ 11తో రెండంకెలే, 13తో ఆరే. వందలోపు ప్రధాన సంఖ్యలు 25 ఉంటే, పూర్తి చుట్టు తిరిగేవి తొమ్మిది.

జర్మనీలో గాస్ 1801లో అచ్చైన తన పుస్తకంలోనే ఈ చుట్లను లెక్కకట్టాడు. ఇలా పూర్తిగా తిరిగే ప్రధాన సంఖ్యలకు అంతు ఉందా? లేదనే 1927లో ఆర్టిన్ ఊహించాడు. పదుల లెక్కకే కాదు, రెండుల లెక్కకు, మూడుల లెక్కకు కూడా.

1984లో రాజీవ్ గుప్తా, రామ్ మూర్తి కలిసి ఒక గట్టి అడుగు వేశారు. 13 సంఖ్యలున్న జాబితాల్లో కనీసం ఒకదానికి ఆర్టిన్ మాట నిజమని తేల్చారు. రామ్ మూర్తి 1953లో గుంటూరులో పుట్టి కెనడాలో ప్రొఫెసర్ అయినవారు. ఆయన పూర్తి పేరులో పెదప్రోలు ఉంటుంది. ఆ పేరుగల ఊరు ఇక్కడికి దగ్గర్లోనే, మోపిదేవి మండలంలో ఉంది. అది చూసి మా రూమంతా ఒకటే గోల.

పెద్ద సంఖ్య అయితే పెద్ద చుట్టు అనుకోకండి. 2024 అక్టోబరులో ల్యూక్ డ్యూరంట్ కనిపెట్టిన ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. 13,62,79,841 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది అదే. కంప్యూటర్ వాడే రెండుల లెక్కలో ఒకటిని దానితో భాగిస్తే, చుట్టు సరిగ్గా 13,62,79,841 అంకెలే. ఆ సంఖ్య సైజు ముందు అది ఇసుక రేణువంత కూడా కాదు.

మా ఇళ్లలో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. "మీకెందుకురా లెక్కలు, ఆర్ట్స్ తీసుకోండి" అన్నాడొక పెద్దాయన. లెక్కలంటే వేరేవాళ్లు ఎప్పుడో పూర్తిచేసి గైడ్‌లో పెట్టేసినవి అన్నట్టే చెప్పాడు. ఆయనకు ఈ సంగతి చెప్పాలి. 1986లో హీత్ బ్రౌన్ ఇంకా ముందుకెళ్లి, 2, 3, 5లో కనీసం ఒకదానికి ఆర్టిన్ ఊహ నిజమని తేల్చాడు. ఆ ఒకటి ఏదో ఈ రోజుకీ ఏ యూనివర్సిటీలోనూ ఎవరికీ తెలీదు.