చెన్నపురి రేడియో: నలుగురు యజమానుల చరిత్ర

రేడియో మన దేశమున ప్రభుత్వముచేతనే పుట్టినదని పలువురి తలంపు. చెన్నపురి చరిత్ర ఇందుకు భిన్నముగా పలుకుచున్నది.

1924 మే 16వ తేదీన సి. వి. కృష్ణస్వామి సెట్టిగారి పూనికతో మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు వెలసెను. ఆ యేడు జూలై 31న 40 వాట్ల యంత్రముతో ప్రసారములు మొదలైనవి. పిమ్మట 200 వాట్ల యంత్రము సమకూడెను. సభ్యుల ఉత్సాహమునకు కొదువ లేదు. కొరత యెల్ల ధనమునకే. రేడియోపెట్టె కొనగలవారు కొలదిమంది. వినిపించు ఖర్చు మాత్రము నానాటికి పెరుగునది. 1927లో క్లబ్బు మూతపడెను. అదే యేట బొంబాయి, కలకత్తా నగరములలో ప్రసారములకు పూనిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగు కంపెనీ సైతము 1930లో మూతపడుటచే, ఈ దోషము చెన్నపురివారిది మాత్రమే కాదని తేలుచున్నది.

క్లబ్బు తన యంత్రమును నగర కార్పొరేషనునకు అప్పగించెను. కార్పొరేషను 1930 ఏప్రిల్ 1న రిప్పన్ భవనమునుండి ప్రసారములను ఆరంభించెను. రేడియోపెట్టె లేని సామాన్యుడు కూడ వినగలుగునట్లు మెరీనా తీరమునందును, ఉద్యానములందును ధ్వనివర్ధకములు అమర్చబడెను. వీథిదీపములవలె, త్రాగునీటివలె సంగీతమును నగరపాలనలో నొక భాగమేయని ఆ పాలకులు గ్రహించిరి. ఎనిమిదేండ్లు ఈ భారమును వారు మోసిరి.

బొంబాయి కంపెనీ వదలిన కేంద్రములను 1930లోనే తన అధీనమునకు తెచ్చుకొనిన భారత ప్రభుత్వము, 1936లో ఆ శాఖకు ఆలిండియా రేడియో యని పేరు పెట్టెను. ఆ శాఖ 1938 జూన్ 16న చెన్నపురి కేంద్రమును నెలకొల్పగా కార్పొరేషను ప్రసారములకు తెర పడెను. తమిళముతోపాటు తెలుగును ఇచ్చటినుండి వినవచ్చెను. 1941లో బాలాంత్రపు రజనీకాంతరావుగారు ఇచ్చటనే ఉద్యోగమున చేరిరి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలయువరకు కోస్తా, రాయలసీమల శ్రోతలకు చెన్నపురియే పెద్ద దిక్కు.

1997లో ఆకాశవాణి ప్రసారభారతి సంస్థ క్రిందికి వచ్చెను. క్లబ్బు, కార్పొరేషను, ప్రభుత్వ శాఖ, స్వతంత్ర ప్రతిపత్తిగల సంస్థ: ఇట్లు నాలుగు చేతులు మారినది. శ్రోతకు ఉచితముగా అందు పాటకు మూల్యమెవరు చెల్లింపవలెనన్న ప్రశ్న మాత్రము ప్రతి యజమానికిని వారసత్వముగా సంక్రమించుచునే వచ్చినది. తొలుత దానిని తమ జేబులనుండి చెల్లించినవారు ఆ క్లబ్బు సభ్యులు. వారిని స్మరించుట శ్రోతల ధర్మము.