చేని చివర మలుపు

పైరుకు మందు చల్లు విమానములు కూలినవనగా, చెట్టుకో తీగెకో తగిలియుండునని మీరు తలంతురు. అట్టివియు గలవు. కాని యే యడ్డంకియు లేనిచోట, యంత్రము చక్కగా తిరుగుచుండగనే, చేని చివర మలుపులో నేలగూలినవియు పెక్కు. నేటి నా ప్రసంగము వానిని గూర్చియే.

1921 ఆగస్టు 3వ తేదీన, అమెరికాలోని ఒహైయో రాష్ట్రమున ట్రాయ్ పట్టణము చేరువ, మెక్రెడీ యను సైనిక వైమానికుడు 6 ఎకరముల కటాల్పా తోపుపై లెడ్ ఆర్సెనేట్ పొడి చల్లి గొంగళిపురుగులను చంపెను. చల్లుటకు నిమిషమైనను పట్టలేదు. మరుసటి యేడు లూసియానాలోని టల్లూలా యొద్ద ప్రత్తిచేలపై నీ పని సాగెను.

అరక దున్నువాడు చాలు చివర నెద్దులను నిలిపి, అదలించి, మరలించును. విమానమునకు నిలుచుట లేదు. అది కొద్దియడుగుల యెత్తున చేను దాటి, పైకి లేచి, ఒరిగి తిరిగి, ప్రక్క చాలునకు రావలెను. తొట్టినిండ మందు, ఎకరమునకింత యని కూలి, కావున మలుపు బిగువుగ తిప్పుదురు. ఱెక్క గాలి కెదురుగ నెత్తు వాలు సుమారు 15 డిగ్రీలు మించెనా, పైని గాలి ఱెక్కనంటి పాఱక చెదరును. నిలువబెట్టు బలము చప్పున తగ్గును. దీనినే స్టాల్ అందురు. యంత్రము ఆగిపోవుట యని కొందఱు వ్రాయుదురు, అది తప్పు. సమముగ పోవునపుడు గంటకు 50 మైళ్ల వేగమున స్టాలగు విమానము, ఎత్తు తగ్గకుండ 60 డిగ్రీలు ఒరిగి తిరుగునపుడు సుమారు 71 మైళ్లకే యగును. లెక్కలు చెప్పిన నోరు గనుక ఈ యంకె విడువజాలకున్నాను.

గాలివాలున పోవునపుడు మఱియొక మోసము. క్రింద నేల వేగముగ జరుగుచుండగా, వేగము చాలినంత యున్నదని వైమానికుడు భ్రమపడును. ఒక ఱెక్క ముందుగ పట్టు విడువగా విమానము గిరుక్కున తిరుగును. ముక్కు క్రిందికి దించినగాని పట్టు మరల చిక్కదు. నేల మీదికి వచ్చుచుండగా చేయి కఱ్ఱను వెనుకకే లాగును. ఆకాశమున నెత్తుగ నున్నవాడు వందల యడుగులు జాఱియైన తేరుకొనును. ఇతని కా యెత్తేది?

రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిదప స్టియర్మన్ అను శిక్షణ విమానములను చవుకగ కొని, ముందు పీఠము తీసి తొట్టి యమర్చిరి. పొడితొట్టికి చూపిన శ్రద్ధ మనిషి ప్రాణమునకు చూపకపోవుట నాకు కష్టముగ తోచును. ఫ్రెడ్ వైక్ అను శిల్పి టెక్సస్‌లో రచించిన ఏజీ-1 విమానము 1950లో ఎగిరెను. అందు వైమానికుని పీఠము ఎత్తుగ, చూపునకు మఱుగు లేక యుండెను. కూలినను బ్రతుకుటకు దిట్టమైన చట్రమును, భుజములను పట్టు పటకాలును కూర్చిరి. ఆయన పిదప రచించిన ఏజీ-3 నుండియే 1959లో పైపర్ పానీ విమానములు అమ్మకమునకు వచ్చెను. వానియందు తొట్టి యంత్రమునకును వైమానికునకును నడుమ నుండెను.