గోదావరి మీద లాంచీ దారి

రాజమండ్రికీ భద్రాచలం మన్యానికీ మధ్య చాలాకాలం గోదావరే రహదారి. నదికి అటూ ఇటూ కొండలు, అడవి. బండి నడిచే బాట లేదు. ఉప్పు, బట్ట, కిరోసిన్ ఎగువకు పోవాలన్నా, చింతపండు, వెదురు, కలప దిగువకు రావాలన్నా నదే దిక్కు. మనుషుల రాకపోకలూ అంతే. ఈ నీటిదారి పొడవు 171 కిలోమీటర్లు. 2008లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో ఇది కూడా ఒక భాగం. అప్పటికే ఈ దారికి ఒకటిన్నర శతాబ్దాల చరిత్ర ఉంది.

ఖమ్మం జిల్లా దక్షిణాన ఉన్న పెనుబల్లి, సత్తుపల్లి ప్రాంతంలో పడవలు నడిచే నది లేదు. కట్టలేరు వాగు, దాని మీది లంకాసాగర్ జలాశయం పొలాలకు నీరిచ్చేవే. అయినా ఆ ఊళ్ల వాళ్లకు గోదావరి రేవు పరాయిది కాదు. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న భద్రాచలంలో రామాలయం కట్టించిన నాటి నుంచి, శ్రీరామనవమికి ఈ వైపు నుంచి వెళ్లిన యాత్రికులంతా బూర్గంపహాడ్ వైపు గట్టుకు చేరి పడవలో నది దాటవలసిందే. 1860లో నిజాం భద్రాచలం ప్రాంతాన్ని ఇంగ్లీషు ప్రభుత్వానికి వదులుకున్నాడు. ఆ తరువాత నదికి ఒక గట్టు నిజాం రాజ్యం, రెండో గట్టు ఇంగ్లీషు పాలన. మొదట మధ్యపరగణాల కింద ఉన్న భద్రాచలం 1874లో గోదావరి జిల్లాలో చేరింది. దాంతో కచేరీ పనులకు, వ్యాజ్యాలకు, పెద్ద వైద్యానికి అక్కడి జనం రాజమండ్రి వైపు చూడవలసి వచ్చింది. ఆ చూపు సాగింది ఏటి మీదుగానే.

ఈ నదిని పెద్ద నౌకామార్గం చేయాలని పట్టుబట్టినవాడు సర్ ఆర్థర్ కాటన్. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను పొలాలకు నీరిచ్చే కట్టడంగానే లోకం గుర్తుపెట్టుకుంది. కాటన్ మాత్రం నీటి రవాణాకూ దానికి సమానమైన విలువ ఇచ్చాడు. ఆనకట్ట పక్కన లాకులు పెట్టి, కాలువలను పడవలు నడిచేలా వెడల్పుగా తవ్వించాడు. ఒక కాలువ కాకినాడ వైపు వెళ్లింది. మరొకటి ఏలూరు చేరి కృష్ణా కాలువలతో కలిసింది. అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా నీళ్ల మీదే వెళ్లే వీలు కలిగింది. గట్టున తాడు పట్టి మనుషులు లాగే రహదారి పడవలు డెల్టా ఊళ్లకు ఆనాటి బస్సులు.

ఎగువన కథ వేరు. దుమ్ముగూడెం దగ్గర, ఇంచంపల్లి దగ్గర, ఇంకా పైన ప్రాణహిత మీద బండరాళ్లు నదిని అడ్డగిస్తాయి. వాటి పక్కన ఆనకట్టలు, లాకుల కాలువలు కట్టి మధ్య భారతపు పత్తిని నేరుగా సముద్రానికి చేర్చాలని పథకం వేశారు. ఎఫ్.టి. హేగ్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో దుమ్ముగూడెంలో పని చాలావరకు జరిగింది. ఈలోగా రైలు నాగపూరు చేరింది, పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో ప్రభుత్వం పథకాన్ని వదిలేసింది. పడవల కోసం మొదలైన ఆ దుమ్ముగూడెం ఆనకట్టకు ఎగువ నుంచే ఇప్పుడు సీతారామ ఎత్తిపోతల పథకం ఖమ్మం జిల్లా పొలాలకు గోదావరి నీటిని తోడుతోంది. ఒక శతాబ్దంలో సరుకు రవాణాకు అనుకున్న కట్టడం మరో శతాబ్దంలో సాగునీటికి అక్కరకొచ్చిందన్నమాట.

పెద్ద పథకం ఆగినా చిన్న దారి ఆగలేదు. తెరచాప పడవలు, వెదురు గడలతో తోసే నావలు, ఆవిరి బోట్లు, ఆ తరువాత డీజిలు ఇంజను లాంచీలు ధవళేశ్వరం, రాజమండ్రి నుంచి భద్రాచలం వైపు నడుస్తూనే వచ్చాయి. ఈ తీరం బండిదారికి ఎంత దూరమో 1879 రంపా తిరుగుబాటు చెబుతుంది. అప్పుడు సర్కారు సైనికులనూ వారి తిండిగింజలనూ మన్యంలోకి చేర్చడానికి నదినే వాడుకోవలసి వచ్చింది.

రాజమండ్రి దగ్గర నదిని అడ్డంగా దాటించే పడవలది ఇంకో చరిత్ర. బెజవాడ నుంచి కటకం దాకా తూర్పుకోస్తా రైలు మార్గం 1893, 1896ల మధ్య దశలవారీగా తెరుచుకుంది. గోదావరి మీద మాత్రం వంతెన లేదు. ప్రయాణికులు కొవ్వూరు గట్టున రైలు దిగి, పడవలో నది దాటి, రాజమండ్రి గట్టున మళ్లీ రైలెక్కేవారు. 1897 నవంబరులో పని మొదలైన హేవ్‌లాక్ వంతెన 56 ఖానాలతో 1900 ఆగస్టులో తెరుచుకుంది. రైలు ప్రయాణికులకు పడవ అవసరం తీరింది. రోడ్డు మాత్రం అప్పటికీ ఏటి దగ్గర ఆగిపోయేది. రోడ్డుమీద వచ్చినవారు కొవ్వూరు గోష్పాద రేవు వైపు లాంచీ ఎక్కి రాజమండ్రి రేవులో దిగడం 1974 దాకా మామూలు సంగతి. ఆ ఏడు రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చింది. 1997లో హేవ్‌లాక్ వంతెన విశ్రాంతి తీసుకుని, ఆర్చి వంతెన దాని పని అందుకుంది.

రాజమండ్రిని సరిగా చూడాలంటే నది మీది నుంచే చూడాలి. ఊరు ఏటికి ముఖం పెట్టి పెరిగింది. కోటిలింగాల రేవు, పుష్కరాల రేవు, మార్కండేయస్వామి గుడి రేవు, గౌతమీ రేవు వరుసగా మెట్లు దించి నిలబడతాయి. తెల్లవారుజామున స్నానాలు, గట్టు వెంట పిండప్రదానాలు, బట్టల బండల చప్పుడు, మెట్ల కింద కట్టేసిన పడవలు ఒకే చూపులో కనిపిస్తాయి. లాంచీ కదిలి వంతెనలు వెనకబడ్డాక అసలు వెడల్పు తెలుస్తుంది. ఇక్కడ నది రెండున్నర కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. ఎండాకాలంలో దాని నడుమ ఇసుక తిన్నెలు, లంకలు తేలుతాయి. వీధిలో నడిచే మనిషికి ఈ ఊరు దుకాణాల వరుస. నది మీది మనిషికి మాత్రం ఇది ఒక పెద్ద నీటి గట్టున పుట్టి, ఆ నీటి వల్లే బతికిన పట్టణమని అర్థమవుతుంది.

ఎగువకు వెళ్లే లాంచీ పట్టిసీమ దాటేది. ఏటి మధ్య కొండ మీద వీరభద్రుడి గుడి. శివరాత్రికి అక్కడికి వెళ్లే జనంతో రేవులన్నీ కిక్కిరిసేవి. పోలవరం, గండి పోచమ్మ గుడి, దేవీపట్నం దాటాక రెండువైపులా కొండలు దగ్గరపడతాయి. పాపికొండల మధ్య అంత పెద్ద నదీ కొన్ని వందల గజాలకు కుదించుకుపోయి, లోతు పెరిగి, సుడులు తిరుగుతుంది. కొండమొదలు, పేరంటపల్లి, కొల్లూరు, పోచవరం, శ్రీరామగిరి దాటి శబరి కలిసే కూనవరం, ఆపైన భద్రాచలం. కొండరెడ్లు, కోయల పల్లెలకు ఈ లాంచీ వారానికోసారి సంతకు, జ్వరం వస్తే ఆసుపత్రికి, పెళ్లికి పుట్టింటికి తీసుకుపోయే బండి. చాలా పల్లెల్లో కట్టిన రేవు ఉండేది కాదు. లాంచీ ఇసుక గట్టుకు ముక్కు ఆనిస్తే, ఒక పొడవాటి బల్ల కిందికి దించేవారు. బుట్టలు, మేకపిల్లలు, ముసలివాళ్లు ఆ బల్ల మీదుగానే ఎక్కాలి. వెదురు మాత్రం లాంచీ ఎక్కేది కాదు. తెప్పలుగా కట్టి రాజమండ్రి కాగితం మిల్లుకు నీటి వాలున వదిలేవారు.

ఈ ప్రయాణాన్ని మోసినది లాంచీ నడిపే సరంగు నేర్పు. వేసవిలో ఇసుక మేటలు చోటు మారతాయి. నిన్న లోతున్న చోట నేడు లాంచీ మేట ఎక్కుతుంది. నీటి రంగు, అల వాలు చూసి దారి పట్టాలి. ముందు కూర్చున్న కళాసీ గడ దించి లోతు చెబుతుంటాడు. ఆషాఢం దాటాక ఎర్రనీరు దిగి వరద ఉరకలు వేస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు తాకింది. అక్కడ 43 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు.

1965లో భద్రాచలం దగ్గర వంతెన తెరుచుకోవడంతో యాత్రికుల ఏటిదాటు ముగిసింది. బస్సులు కొత్తగూడెం మీదుగా నేరుగా గుడి దాకా చేరాయి. లాంచీ దారి మాత్రం మధ్యలోని పల్లెల కోసం మిగిలింది. సరిగ్గా ఆ కాలంలోనే నగరవాసులు దానిని చూడదగ్గ దారిగా కనుగొన్నారు. బాపు తీసిన 'అందాల రాముడు' (1973) రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా సాగే ఈ పడవ ప్రయాణాన్నే కథగా చేసుకుంది. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' చిత్రం అదే దారిలో నడిచింది. పల్లెల లాంచీల పక్కనే భోజనం, పాటలు, పాపికొండల దర్శనం కలిపి అమ్మే విహార బోట్లు పెరిగాయి. దారి ఒకటే, నది ఒకటే. ఒకరు అవసరం మీద పడవ ఎక్కేవారు, మరొకరు ఆనందం కోసం ఎక్కేవారు.

ఆ రెండు రకాల పడవలకూ నది చేదు నింపింది. 2018 మే 15న కొండమొదలు నుంచి రాజమండ్రి వైపు వస్తున్న లాంచీ మంటూరు దగ్గర గాలివానలో మునిగింది. సంతకు, పనులకు బయలుదేరిన గిరిజనులు అందులో ఉన్నారు. వాన జల్లుకు తలుపులు మూసి ఉండడంతో చాలామంది బయటపడలేకపోయారు. 2019 సెప్టెంబరు 15న, వరదనీటిలో, కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే విహార బోటు మునిగి 51 మంది ప్రాణాలు పోయాయి. బోటును పైకి లాగడానికి ఐదు వారాలకు పైగా పట్టింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్లతో, లంగర్లతో పనిచేసి అక్టోబరు 22న దాన్ని గట్టుకు చేర్చింది. నీళ్ల మీద బతికినవాళ్ల చేతివిద్యే చివరికి ఆ పని సాధించింది.

దారికి అంతకన్నా శాశ్వతమైన మార్పు పోలవరం ప్రాజెక్టుతో వచ్చింది. అడ్డుకట్టలు లేచి, 2021లో నీరు స్పిల్‌వే వైపు మళ్లడంతో రాజమండ్రి నుంచి నేరుగా ఎగువకు లాంచీ వెళ్లే వీలు పోయింది. ఎడమగట్టున పడవల కోసం కాలువ, లాకులు ప్రాజెక్టు రూపకల్పనలో ఉన్నాయి. దేవీపట్నం లాంటి ఊళ్లు ముంపులోకి వెళ్లాయి, ఏటి ఒడ్డు పల్లెలు పునరావాస కాలనీలకు కదిలాయి. విహార బోట్లు దిగువన గండి పోచమ్మ గుడి నుంచి, ఎగువన పోచవరం నుంచి పాపికొండల మధ్యకు వచ్చి వెనక్కి తిరుగుతున్నాయి. 2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినందున, భద్రాచలం నుంచి వెళ్లిన తెలంగాణ ప్రయాణికుడు పోచవరం రేవుకు చేరేసరికి రాష్ట్రం దాటి ఉంటాడు.

డెల్టాలో ఏటిదాటు ఇంకా రోజువారీ పని. వశిష్ఠ పాయ మీద నరసాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య పంటు అనే బల్లకట్టు పడవ మనుషులను, సైకిళ్లను, మోటారు సైకిళ్లను, కార్లను మోస్తుంది. అంతర్వేది తీర్థం రోజుల్లో అక్కడ బారులు తీరుతారు. పంటు కాదంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. గౌతమీ పాయ మీద కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల మధ్య కూడా ఇలాగే నడుస్తుంది. ఈ రేవులను పాట పెట్టి గుత్తకు ఇవ్వడం, గుత్తదారు తలకింత, బండికింత వసూలు చేయడం పాత పద్ధతే.