మాధవాయిపాలెం మడపొలం అయిన కథ

నరసాపురం దగ్గర మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి చేరతాం. రోజూ ఇలా రేవు దాటే మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఫ్రెంచి, స్పానిష్, రష్యన్ భాషల్లో ఒక తెల్లటి నూలుగుడ్డకు ఈ ఊరి పేరే పెట్టుకున్నారు. వాళ్లు దాన్ని 'మడపొలం' అని, కాస్త అటూ ఇటూగా పలుకుతారు.

ఆ మాట వింటే మడ, పొలం అని విడదీసి అర్థం చెప్పుకోబుద్ధేస్తుంది. కానీ అందులో పొలం లేదు, ఉన్నది పాలెం. పాలెమంటే మొదట దండు విడిసిన చోటు, తర్వాత చిన్న ఊరు. పరాయి నోట మాధవలోని ఒత్తు పోయింది, 'వాయి' జారిపోయింది, పాలెం 'పొలం' అయింది.

17వ శతాబ్దంలో నరసాపురం పేరున్న ఓడరేవు. గోదావరి మీద తేలివచ్చే కలపతో ఇక్కడ ఓడలు కట్టేవారు. డచ్చివారు పాలకొల్లులో, ఇంగ్లీషువారు వీరవాసరంలో, తర్వాత మాధవాయిపాలెంలో వర్తక స్థావరాలు పెట్టారు. ఇంజరం, బండమూర్లంకల్లోనూ ఈస్టిండియా కంపెనీ స్థావరాలుండేవి. చుట్టుపక్కల సాలె మగ్గాల మీద నేసిన గుడ్డ ఈ రేవులకు చేరి ఓడలెక్కేది. కాలికట్ నుంచి వెళ్లిన గుడ్డ కాలికో అయినట్టే, ఇక్కడి గుడ్డకూ ఊరి పేరే స్థిరపడింది. పడుగూ పేకా ఒకటి విడిచి ఒకటి అల్లుకునే సాదా నేత అది. కాలికో కన్నా సన్నం, మస్లిన్ కన్నా దిట్టం.

1833 చార్టర్ చట్టం కంపెనీ వర్తకానికి తెర దించింది, మాధవాయిపాలెం స్థావరమూ మూతపడింది. గుడ్డ పేరు మాత్రం మూతపడలేదు. అప్పటికే ఇంగ్లండు మరమగ్గాల వస్త్రం మన బజార్లను ముంచెత్తుతోంది. యూల్, బర్నెల్ కూర్చి 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు నాటికి మడపొలం ఇంగ్లండు నుంచి ఇండియాకు దిగుమతయ్యే సరుకు. మన సాలెల నేతతో పుట్టిన పేరును మరమగ్గాల గుడ్డకు తగిలించి మనకే అమ్మారు. ఈ కథలో నన్ను బాధపెట్టేది ఇదే.

ఊరి పేరు లోకమంతా తిరిగింది గాని, నేసిన చేతుల పేర్లు ఒక్కటీ మిగల్లేదు. కనీసం పంటు టికెట్టు ఇచ్చే చోట, ఈ రేవు పేరు ఎంత దూరం వెళ్లిందో, ఎవరి కష్టంతో వెళ్లిందో తెలుగులో చెప్పే పలక ఒకటి నిలబెట్టాలి.