కోనసీమలో స్థానిక స్వపరిపాలనము: నడిమి మెట్టు

స్థానిక స్వపరిపాలన చరిత్రను చట్టముల వరుసగా చెప్పుట పరిపాటి. కోనసీమ విషయమున, ప్రజాప్రతినిధుల సభ ప్రజల కెంత చేరువలో నుండెనని విచారించుట మేలని మా తలంపు. గౌతమీ వసిష్ఠల నడుమ, ఏరు దాటనిదే కాకినాడ చేరరాని ఈ సీమలో అది చిన్న ప్రశ్న కాదు.

1884 నాటి మద్రాసు చట్టము గ్రామ యూనియనుకును జిల్లా బోర్డుకును నడుమ తాలూకా బోర్డును నిలిపినది. తొలుత అందు నియమితులదే పెత్తనము. ఎన్నిక బలపడినది 1920 చట్టముతోనే. అట్లు బలపడిన బోర్డులనే 1934లో రద్దు చేసిరి! పాతికేండ్లు ఆ మెట్టు శూన్యము. బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో చేసిన సిఫారసుల ననుసరించి 1959 చట్టము పంచాయతీ సమితులను నెలకొల్పగా, పలువురు దానిని నూతన సృష్టి యనిరి. వ్యవసాయాభివృద్ధి వంటి కొత్త బాధ్యతలు చేరిన మాట నిజమే. కాని అది ప్రధానముగా కూలిన మెట్టును తిరిగి కట్టుటయే యని మా అభిప్రాయము.

1986 చట్టముతో సమితుల స్థానమున మండల ప్రజాపరిషత్తులు వచ్చినవి. సభ చేరువైనది, పరిధి కుదించుకొనినది. 2022 ఏప్రిల్ 4న అమలాపురము కేంద్రముగా కోనసీమ జిల్లా యేర్పడగా, కలెక్టరు కచేరి ఏరు దాటి వచ్చినది. 2021లో ఎన్నికైన ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా పరిషత్తు మాత్రము నాడు విభజింపబడక కాకినాడలోనే నిలిచినది.