తూర్పు తిమోర్: ప్రపంచం చెవిన పడిన గోడు

1975 డిసెంబరు 7న ఇండోనేషియా సైన్యం తూర్పు తిమోర్‌పై దండెత్తింది. ఆ తర్వాత 16 ఏళ్లపాటు అక్కడి చావులు బయటి ప్రపంచానికి పెద్దగా పట్టలేదు. 1991 నవంబరు 12న రాజధాని దిలీలోని శాంతాక్రూజ్ శ్మశానంలో సైనికులు జనంపై కాల్పులు జరిపినప్పుడు మాక్స్ స్టాల్ అనే విలేకరి కెమెరాతో అక్కడే ఉన్నాడు. టేపులను సమాధి మట్టిలో పాతిపెట్టాడు. తర్వాత అవి దేశం దాటాయి. అయితే దృశ్యాలే అంతా చేశాయనుకోవడం పొరపాటు. తూర్పు తిమోర్‌ను ఇండోనేషియా తనలో కలుపుకోవడాన్ని ఐక్యరాజ్యసమితి ఏనాడూ గుర్తించలేదు, పాత పాలక దేశమైన పోర్చుగల్ పట్టు విడవలేదు. చట్టపరంగా దారి తెరిచి ఉండబట్టే ఆ దృశ్యాలకు విలువ వచ్చింది. ఇండోనేషియా చేతిలోనే ఉన్న పశ్చిమ పాపువాలో, ఆ దేశంలో ఉండాలా వద్దా అని తేల్చే పేరుతో 1969లో ఎంపిక చేసిన వెయ్యిమందికి పైగా ప్రతినిధులతో నడిపిన తంతును మాత్రం సమితి నమోదు చేసుకుని ఊరుకుంది. అక్కడివారి గోడు తక్కువదేం కాదు. 1998లో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో గద్దె దిగాక, 1999 ఆగస్టు 30న ఓటేసిన తూర్పు తిమోరీయుల్లో 78.5 శాతం మంది స్వాతంత్ర్యం వైపు మొగ్గారు.