హేజెల్ ఇచ్చిన 25 పౌండ్లు

పాత స్పోర్ట్స్ కారును షెడ్డులో పెట్టుకుని, నట్టు నట్టూ విప్పి మళ్ళీ బిగించే మగవాళ్ళ వీడియోలు మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక నడుస్తుంటాయి. మా వారూ మా అబ్బాయీ సోఫాలో కూర్చుని చూస్తారు. నేను వంటింటి గట్టు తుడుస్తూ ఓ కన్నేస్తుంటాను. ఏది పెట్టినా ఒకటే కథ. ఒక మనిషి, ఒక గ్యారేజీ, ఒక తుప్పు పట్టిన కారు. ఆ గ్యారేజీ ఎవరింటిది, ఆయన రెండేళ్ళు దాని కింద దూరి ఉంటే పిల్లలకి అన్నం పెట్టిందెవరు, వెల్డింగు మిషనుకి డబ్బెక్కడిది అన్నది మాత్రం ఒక్కరూ చెప్పరు. ఈ ఇంటి గ్యారేజీ పిచ్చికి పుట్టిల్లు ఇంగ్లండు అంటారు కదా, అక్కడి సంగతులే చదువుదామని కూర్చున్నాను. చదివేకొద్దీ నాకు కార్ల కంటే ఒక అమ్మాయి ఎక్కువ కనబడింది. ఆమె పేరు హేజెల్ విలియమ్స్.

ఆమె దగ్గరికి వెళ్ళేముందు ఆస్టిన్ సెవెన్ అనే బుల్లి కారు సంగతి చెప్పాలి. 1922లో వచ్చింది, 1939 దాకా తయారైంది, మొత్తం 2,90,000 దాకా చేశారు. హెర్బర్ట్ ఆస్టిన్‌కి పెద్ద ఫ్యాక్టరీయే ఉండేది. కానీ అప్పటికి కంపెనీ అప్పుల్లో ఉంది, చిన్న కారు చేద్దామంటే డైరెక్టర్లు ఒప్పుకోలేదు. ఆయనేం చేశాడంటే, స్టాన్లీ ఎడ్జ్ అనే 18 ఏళ్ళ కుర్రాణ్ణి తన సొంతింటికి పిలిపించుకుని, బిలియర్డ్స్ గదిలో కూర్చోబెట్టి నమూనాలు గీయించాడు. అంటే, ఆ తర్వాత ఇంటింటి షెడ్లలో రూపాలు మార్చుకున్న ఆ కారు, పుట్టడమే ఒక ఇంట్లో పుట్టిందన్నమాట.

దాని నిర్మాణం చాలా తేలిక. ఇంగ్లీషు ఏ అక్షరంలా ముందుకొచ్చి కలిసే ఇనప చట్రం, దానిమీద 747 సీసీల చిన్న ఇంజను, ఆ పైన బోల్టులతో బిగించిన డొక్కు. డొక్కు ఊడదీసి పక్కన పెట్టినా చట్రం తన కాళ్ళమీద తను నిలబడుతుంది. పైన మనకి నచ్చిన రేకో చెక్కో తొడుక్కోవచ్చు. పాత కుండీలోని మట్టి, వేరు అలాగే ఉంచి కొత్త అంటు కట్టినట్టు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఈ తేలికతనమే కుర్రాళ్ళకి వరమైంది. బ్రిటన్‌కి విదేశీ డబ్బు కావాలి. అందుకని తయారైన కార్లలో ఎక్కువ భాగం ఓడలెక్కించేవారు. ఎగుమతి చేసే కంపెనీకే ఉక్కు కోటా. ఊళ్ళో కొత్త కారు కొనాలంటే ఏళ్ళ తరబడి వెయిటింగు, పైగా కొనుగోలు పన్ను. 1951లో ఆ పన్ను అన్ని కార్ల మీదా టోకు ధరలో మూడింట రెండు వంతులకి పెరిగింది. స్పోర్ట్స్ కారు మోజున్న మధ్యతరగతి పిల్లవాడు ఇంకేం చేస్తాడు? యుద్ధానికి ముందరి ఆస్టిన్ సెవెన్ ఒకటి చవగ్గా కొని, పాత డొక్కు విప్పి, సొంతంగా ఒకటి కట్టుకునేవాడు. అలాంటి బళ్ళని ‘స్పెషల్స్’ అనేవారు. 1939లోనే ఈ కార్ల కోసం 750 మోటర్ క్లబ్ అని ఒకటి పెట్టుకున్నారు కూడా.

కాలిన్ చాప్‌మన్ అలాంటి పిల్లవాడే. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంజనీరింగు చదువుతూ, స్నేహితుడితో కలిసి పాత కార్లు కొని అమ్మేవాడు. 1947 చివర్లో ప్రభుత్వం సొంత కార్లకిచ్చే పెట్రోలు రేషను ఆపేసింది. దాంతో పాత కార్లు కొనే నాథుడు లేడు. ఉన్నవన్నీ నష్టానికి వదిలించుకోగా పాత ఆస్టిన్ సెవెన్ ఒకటి మిగిలిపోయింది. అమ్ముడుపోని సరుకు! దాన్ని రేసు కారుగా మార్చాలనుకున్నాడు. ఎక్కడ పెట్టాలి? తను ప్రేమించిన అమ్మాయి వాళ్ళ అమ్మానాన్నల ఇంటి వెనక, ఉత్తర లండన్‌లో, తాళం వేసుకునే చిన్న గ్యారేజీ ఒకటుంది. అక్కడికి చేర్చాడు. మన దగ్గరైతే ఇంకా నిశ్చితార్థమైనా కాని కుర్రాడు పిల్ల ఇంటి పెరట్లో తుప్పు కారు దింపితే ఏమయ్యేదో ఊహించుకోండి.

హేజెల్ చూస్తూ ఊరుకోలేదు. ఆ కారు కట్టడంలో తనూ చెయ్యి వేసింది. చట్రాన్ని గట్టిపరిచి, ప్లైవుడ్డుకి అల్యూమినియం రేకు అతికించిన పలకలతో కొత్త డొక్కు చేశారు. 1948కి కారు సిద్ధమైంది. దాన్నే తర్వాత లోటస్ మార్క్ 1 అన్నారు. తామరపువ్వు పేరు ఎందుకు పెట్టాడన్నది చాప్‌మన్ చివరిదాకా బయటపెట్టలేదు. హేజెల్‌ని ముద్దుగా అలా పిలిచేవాడని చాలామంది నమ్మకం.

ఆ కారుతో ‘ట్రయల్స్’ అనే పోటీలకి వెళ్ళేవారు. బురద కొండలు ఎక్కే పోటీలవి. అందులో పక్కసీటు మనిషి ఊరికే కూర్చుంటే కుదరదు. వెనక చక్రాలు బురదలో జారుతుంటే, వాటికి పట్టు దొరికేలా సీటులో ఎగిరెగిరి కూర్చుని బరువు వెయ్యాలి. ఆ సీటులో హేజెల్ ఉండేది. బహుమతి మాత్రం, మామూలే, స్టీరింగు పట్టుకున్నవాడి పేరు మీద రాస్తారు.

చదువయ్యాక చాప్‌మన్ ఒక అల్యూమినియం కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. పగలు ఉద్యోగం, రాత్రిళ్ళు కార్లు. 1952 జనవరి 1న లోటస్ ఇంజనీరింగ్ అనే కంపెనీ పెట్టాడు. దానికి మూలధనం హేజెల్ అప్పిచ్చిన 25 పౌండ్లు. అప్పటి కార్మికుడి రెండు మూడు వారాల జీతమంత. పోపుల డబ్బాలో దాచిన డబ్బులాంటిదే కదా! ఫార్ములా వన్‌లో ఏడు సార్లు కన్‌స్ట్రక్టర్ల టైటిల్ గెలిచిన టీము పునాది ఇది. 1954లో వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. తొలి రోజుల కంపెనీ పని చాప్‌మన్ తండ్రి నడిపే రైల్వే హోటల్ వెనక గుర్రపుశాలలో సాగింది. ఒకరి పెరడు, ఇంకొకరి కొట్టం, ఒకమ్మాయి దాచుకున్న డబ్బు. ఒంటరి మేధావి గ్యారేజీలో పుట్టించిన అద్భుతం అని రాసే వ్యాసాలు చదివినప్పుడు నాకు ఇవే గుర్తొస్తుంటాయి.

ఇంటి గ్యారేజీని వ్యాపారంగా మార్చిందీ ఈ లోటసే. పూర్తయిన కారు మీద పన్ను ఉంది గానీ, విడిభాగాలుగా కొనుక్కుని ఎవరికి వారు బిగించుకుంటే కొనుగోలు పన్ను లేదు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఎక్కువగా అలాగే అమ్ముడుపోయింది. ఇందులో ఒక తమాషా ఉంది. బిగించే పద్ధతి రాసిన కాగితం జతచేస్తే అది కారు కిందే లెక్కకొస్తుందనేది నిబంధన. చాప్‌మన్ విప్పే పద్ధతి రాసి ఇచ్చాడు. కొన్నవాడు దాన్ని చివరినుంచి మొదటికి చదువుకుంటే సరి! నాకు ఇది చదివి నవ్వాగలేదు. మొత్తానికి ఆదివారాల్లో ఇళ్ళ ముందు డబ్బాలు విప్పి స్పోర్ట్స్ కారు బిగించుకోవడం అక్కడ మామూలైపోయింది. 1973 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయింది. లోటస్ సెవెన్ హక్కులు అదే ఏడు కేటర్‌హామ్ వాళ్ళు కొనుక్కున్నారు.

ఆడవాళ్ళంటే డబ్బివ్వడం, పక్కసీటులో ఎగరడం మాత్రమే అనుకునేరు. బియాట్రిస్ షిల్లింగ్ అని ఒకావిడ ఉంది. 1909లో పుట్టింది. మాంచెస్టర్‌లో ఇంజనీరింగు చదివింది. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద మోటర్ సైకిల్‌ని గంటకి 106 మైళ్ళ వేగంతో చుట్టి తిప్పి బంగారు నక్షత్రం బ్యాడ్జి తెచ్చుకుంది. యుద్ధంలో స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలు ఒక్కసారిగా ముక్కు కిందికి వంచితే ఇంజను ఆగినంత పనయ్యేది. పెట్రోలు కార్బురేటర్‌లోకి వరదలా కమ్మేయడం వల్ల వచ్చే చిక్కు అది. ఆమె 1941లో సన్న రంధ్రమున్న ఒక చిన్న లోహపు బిళ్ళతో దాన్ని చాలావరకు సర్దింది. ఆమె, భర్త జార్జ్ నేలర్ ఇద్దరూ సెబ్రింగ్ స్ప్రైట్ అనే చిన్న స్పోర్ట్స్ కారుతో పోటీలకి వెళ్ళారు. ఆవిడ వంట గురించి నేను ఎక్కడా చదవలేదు, చదవాలని కూడా లేదు.

ఇక కొత్తవి కట్టుకోవడం తగ్గి, పాతవి బాగుచేసుకోవడం మొదలయ్యాక వచ్చిన కష్టం వేరు. అందరూ ఎక్కువగా బాగుచేసుకునే కారు ఎమ్‌జీబీ. 1962 నుంచి 1980 దాకా 5 లక్షల పైన తయారయ్యాయి. దీనికి ఆస్టిన్ సెవెన్‌లా వేరే చట్రం లేదు, డొక్కే చట్రం. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు తలుపుల కింద గొట్టంలా ఉండే సిల్ అనే భాగంలోకి చేరి లోపల్నుంచి తినేస్తాయి. బయట రంగు నిగనిగలాడుతుంటుంది, లోపల చెదపట్టిన వాసంలా డొల్ల. ఆ సిల్ కోసి కొత్తది వెల్డింగు చేసేముందు తలుపు ఖాళీలో అడ్డంగా కమ్మీలు బిగించాలి. అది మర్చిపోతే కారు నడుము వంగిపోతుంది, ఇక ఆ తలుపు జన్మలో మూసుకోదు. 1988లో బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులు వెతికి తెచ్చి ఎమ్‌జీబీ డొక్కులు కొత్తగా తయారుచేయడం మొదలుపెట్టింది. పాత కారు భాగాలన్నీ తీసి కొత్త డొక్కులోకి మార్చుకోవచ్చు. అప్పుడది పాత కారా, కొత్త కారా? ఆ గొడవ అభిమానుల్లో ఈనాటికీ తెగలేదు.

ఇందులో వంటింటి వాటా చిన్నదేం కాదు. గేరుబాక్సు అల్యూమినియం పెట్టెలో ఉక్కు బేరింగు దింపాలంటే పెట్టెని ఓవెన్‌లో వేడి చేస్తారు. వేడికి ఉక్కు కంటే అల్యూమినియం ఎక్కువ సాగుతుంది, బేరింగు తేలిగ్గా జారుతుంది. పచ్చడి సీసా బిగుసుకుంటే మూతని మనం వేడినీళ్ళలో ముంచమూ? అదే సూత్రం. తుప్పు పోవడానికి చాకలి సోడా కలిపిన నీళ్ళలో భాగాన్ని వేలాడదీసి, బ్యాటరీ చార్జరుతో కరెంటు పంపుతారు. రాగి బిందెకి చింతపండు పట్టించే చేతులకి ఇది వింతగా తోచదు. కానీ గేరుబాక్సు పెట్టిన ఓవెన్‌లోనే మర్నాడు కేకు చేయమంటే మాత్రం నేను పెట్టెతో సహా మనిషిని బయటికి పంపుతాను.

ఉన్నదున్నట్టు బాగుచెయ్యాలా, నచ్చినట్టు మార్చుకోవాలా అనే వాదన కూడా నాకు కొత్త కాదు. బీఏలో తాళపత్రాల పాఠ పరిష్కరణ గురించి చదువుకున్నప్పుడు ఇదే తగువు. లేఖకుడు మార్చిన మాట తీసేసి మూలం వెతకాలా, అదీ గ్రంథం చరిత్రలో భాగమేనా? అమ్మమ్మ పట్టుచీర అంచు తీసి మనవరాలి లంగాకి వేసినప్పుడు ఇంట్లో రెండు పార్టీలవడం మనమెరగనిదా! నా మట్టుకు నేను మార్చేవాళ్ళ వైపే కొంచెం మొగ్గుతాను. ఆ ఆస్టిన్ సెవెన్‌ని ఫ్యాక్టరీలో ఉన్నట్టే ఉంచి ఉంటే లోటసే లేదు. అయితే స్పెషల్స్ మోజులో చక్కగా నడుస్తున్న పాత కార్ల డొక్కులెన్నో ఊడిపోయాయి. అదీ నష్టమే.

మనకి దగ్గరి చుట్టం ఒకటుంది, చెప్పకపోతే బాగుండదు. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ అనే కారు తయారైంది. మన ఊళ్ళలో డాక్టర్లూ లాయర్లూ కొనుక్కునేవారు. దాని మూలం ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డ్. ఆ హెరాల్డ్ చట్రాన్నే పొట్టి చేసి, ఇటలీ డిజైనర్ మికెలోట్టి గీసిన డొక్కు తొడిగి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు తెచ్చారు. రెండిట్లోనూ బానెట్టు ముందు మడ్‌గార్డులతో సహా ముందుకి ఒరుగుతుంది. చక్రం మీదే కూర్చుని ఇంజను విప్పుకోవచ్చు. ఇళ్ళలో బాగుచేసుకునేవాళ్ళు స్పిట్‌ఫైర్‌ని ఇష్టపడడానికి అదొక ముఖ్య కారణం.

హేజెల్‌తో కలిసి కట్టిన ఆ మొదటి కారు ఏమైందంటే, 1950లో పత్రికలో ప్రకటన ఇచ్చి అమ్మేశారు. ఇంగ్లండు ఉత్తరాన ఎవరో కొనుక్కున్నారు. ఆ తర్వాత జాడ లేదు. 70 ఏళ్ళ పండగ వస్తోందని 2017లో లోటస్ వాళ్ళు దానికోసం వెతుకులాట మొదలుపెట్టారు. పాత షెడ్లు, కొట్టాలు, గ్యారేజీలు చూడమని అభిమానులని అడిగారు. చాప్‌మన్ 1982లోనే పోయాడు. హేజెల్ 2021 డిసెంబరులో, 94 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. అప్పటికీ ఆ కారు బయటపడలేదు. దాని నంబరు ఓఎక్స్ 9292.